ఎనిమిదో కవరు

అక్షింతలు వేసి కిందికి దిగానో లేదో, అమ్మ నా చెయ్యి పట్టుకుని పందిరి స్తంభం పక్కకి లాగింది. ఒకవైపు బాజాలు, ఒకవైపు ఐస్‌క్రీమ్ దగ్గర పిల్లల గోల. అంత హడావిడిలోనూ అమ్మ కళ్లు పోవాల్సిన చోటికే పోయాయి.

'గాజులేవే?'

'మెరుగుకిచ్చానమ్మా.'

'మీ పిన్ని కూతురి పెళ్లికి వస్తూ, శ్రావణ మాసంలో, గాజులు మెరుగుకిచ్చావా?'

ఏం చెప్పను? ఆ గాజులు 2025 జూన్ నుంచీ బ్యాంకు లాకర్లో ఉన్నాయి. మా లాకరు కాదు, వాళ్ల లాకరు. పాప మూడో తరగతిలోకి వచ్చింది. మొదటి టర్మ్ ఫీజు 42 వేలు. మావారి ఖాతా, నా ఖాతా కలిపి చూస్తే 14,300 ఉన్నాయి. ఇద్దరం ఉద్యోగస్తులం. ఇల్లు అద్దెదే గానీ అప్పులేం లేవు. కారు లేదు, కొత్త టీవీ కొనలేదు, ఎండాకాలం సెలవుల్లో ఎక్కడికీ పోలేదు. మరి డబ్బులేమైనట్టు?

ఆ రాత్రి మా ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించుకోగలరు. 'మీరే' అంటే 'నువ్వే' అనుకున్నాం. పాప నిద్రపోయాక ఇద్దరి ఫోన్లలోంచీ మే నెల స్టేట్‌మెంట్లు తీసి, దొంగని పట్టుకుందామని కూర్చున్నాం. దొంగ దొరకలేదు. అయిదు వేలకో పదివేలకో చేసిన తప్పు ఒక్కటైనా కనిపిస్తే 'ఇదిగో' అని చూపించి దెబ్బలాడుకునేవాళ్లం. అలాంటిది లేదు. ఉన్నవన్నీ చిన్నవే. టీ 15, కొబ్బరిబోండం 50, కర్రీ పాయింట్‌లో పప్పు, వేపుడు కలిపి 90, పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లో కొత్తిమీర, కొత్తిమీరతో పాటు 'ఎలాగూ వస్తున్నాడు కదా' అని చిప్స్, చిప్స్‌తో పాటు ఐస్‌క్రీమ్... ఇద్దరం కలిసి నెలలో 231 సార్లు డబ్బు చెల్లించాం. అందులో 200 రూపాయల లోపువి 187. వాటిని మాత్రమే కూడితే 21,640 రూపాయలు.

మావారు లెక్క రెండుసార్లు చేశారు. మూడోసారి నేను చేశాను. అంతే వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి గాజులు తీసుకెళ్లి 30 వేలు తెచ్చాం. బ్యాంకులో ఆయన వాటిని తూకం వేస్తుంటే నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

ఇదంతా పెళ్లి పందిట్లో అమ్మకి చెప్పేశాను. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. 'కవర్లు లేవా మీ ఇంట్లో?' అంది.

అమ్మ కవర్ల సంగతి నాకు తెలియనిది కాదు. నాన్నది తెనాలిలో గుమస్తా ఉద్యోగం. నా చిన్నప్పుడు ఒకటో తారీఖున జీతం నోట్లుగానే ఇంటికొచ్చేది. అమ్మ పీటేసుకుని కూర్చుని, పాత శుభలేఖల కవర్లు చుట్టూ పరుచుకునేది. పసుపు బొట్లున్న ఆ కవర్ల మీద పెన్సిలుతో 'పాలు', 'వెచ్చాలు', 'చాకలి', 'చీటీ' అని రాసుండేది. నోట్లన్నీ కవర్లలోకి వెళ్లిపోయాక నాన్న చేతిలో బస్సు ఖర్చులకి కాసిని పెట్టేది. కవరు ఖాళీ అయితే ఆ ఖర్చు ఆ నెలకి లేనట్టే. ఇరవై అయిదో తారీఖు దాటాక మా ఇంట్లో పచ్చళ్ల వాడకం ఎందుకు పెరిగేదో పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

కవర్లు పోను ఇంకొకటి ఉండేది. దాన్ని బయటపెట్టింది 2016 నవంబరు 8. రాత్రి ఎనిమిది గంటలకి టీవీలో అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. ఆ రాత్రి పదింటికి అమ్మ ఫోను. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. 'బియ్యం డబ్బాలో 46,500 ఉన్నాయే. అన్నీ పెద్ద నోట్లే. ఏం చెయ్యను?' ఏడుస్తోంది. నాకప్పుడు ఆరో నెల. ఆ డబ్బంతా నా పురిటికని రెండేళ్లుగా దాస్తోందట. ఖాతాలో వేసుకోవడానికి డిసెంబరు 30 దాకా గడువుందని చెప్పినా భయం పోలేదు. ఆవిడ అసలు భయం బ్యాంకు గురించి కాదు, నాన్న గురించి. ముప్పై ఏళ్లు కాపురం చేసి నాకు తెలియకుండా దాచావా అంటారని. అన్నారు కూడా. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఆయనే క్యూలో నిలబడి ఆ డబ్బు అమ్మ ఖాతాలో వేసి వచ్చారు.

ఆ దెబ్బకి అమ్మ నోట్లంటేనే భయపడుతుందనుకున్నాం. అబ్బే!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 2016లో మొదలైన యూపీఐ వల్ల ఎంత సుఖమో నాకు తెలుసు. చిల్లర గొడవ లేదు, తోపుడుబండి దగ్గర్నుంచీ పెద్ద దుకాణం దాకా అదే. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే దేశంలో ఈ లావాదేవీలు 2 వేల కోట్లు దాటాయి. కానీ ఆ సుఖంలోనే ఉంది కిటుకంతా. డబ్బు చేతిలోంచి పోతున్నట్టు తెలియదు. దుకాణంలో డబ్బా అరుస్తుంది గానీ మన గుండె అరవదు.

దీన్ని చదువుకున్నవాళ్లు 'చెల్లింపు బాధ' అంటారు. 2001లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకి బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లు వేలం పెట్టారు. కొందరిని నగదు కట్టమన్నారు, కొందరిని కార్డుతో కట్టమన్నారు. టికెట్లు అవే, మ్యాచ్ అదే. కార్డువాళ్లు పాడిన పాట నగదువాళ్ల పాటకి దాదాపు రెట్టింపు! 2009లో ప్రియా రఘుబీర్, జాయ్‌దీప్ శ్రీవాస్తవ అనే పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. చేతిలో అదే మొత్తం చిన్న నోట్లుగా ఉంటే ఖర్చు చేస్తారు, ఒకే పెద్ద నోటుగా ఉంటే వెనకాడతారు అని. ఈ ముక్క అమ్మకి చెబితే 'దీనికి పరిశోధన కూడానా? నోటు విడిపిస్తే ఇంక ఆగుతుందా' అంది.

సెప్టెంబరు ఒకటిన మొదలుపెట్టాం. అద్దె, కరెంటు బిల్లు, గ్యాసు, బీమా... ఇవి ఎప్పటిలాగే ఆన్‌లైన్‌లో. వాటిలో చెయ్యి జారడానికేం లేదు. జారేవాటికి మాత్రం ఏడు కవర్లు: కూరలు-పాలు, వెచ్చాలు, పనమ్మాయి, ఆటో-పెట్రోలు, పాప, ఆదివారం, పెళ్లిళ్లు-పేరంటాలు. చివరిది అమ్మ పట్టుబట్టి పెట్టించింది. చదివింపులన్నీ అనుకోని ఖర్చులని మనమనుకుంటాం గానీ ముహూర్తాలు పంచాంగంలో ముందే ఉంటాయి కదే అంటుంది.

మొదటి నెల అభాసుపాలయ్యాం. పంతొమ్మిదో తారీఖుకి ఆదివారం కవరు ఖాళీ. ఆ ఆదివారం మావారు నాకు చెప్పకుండా మటన్‌కి ఫోన్‌తో కట్టేసి వచ్చారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆఫీసు కింద టీకొట్టు దగ్గర ఫోను తీస్తే లెక్కలోకి రాదనుకున్నాను. నెలాఖరున మిగిలింది 2,300.

అప్పుడు మావారికో ఉపాయం తట్టింది. జీతాలు పడే ఖాతాలకి ఫోనుతో సంబంధం తెంచేశారు. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఇంకో ఖాతాని ఫోన్లకి కలిపి, అందులో రెండు వేలు వేసి ఉంచారు. దారిలో బండి ఆగిపోయినా, అర్ధరాత్రి మందుల షాపుకి పరిగెత్తాల్సి వచ్చినా దానితో కట్టొచ్చు. అంతకు మించి కట్టాలన్నా కట్టలేం. నిజం చెప్పాలంటే కవర్ల కన్నా ఇదే ఎక్కువ పనిచేసిందేమో.

ఒక కవరు ఇంకో కవరు దగ్గర అప్పు తీసుకోవచ్చు గానీ చీటీ రాసి పెట్టాలన్నది అమ్మ షరతు. 'కూరల నుంచి ఆదివారానికి 300. ఈ నెలలో తీర్చబడును' అని మావారు కింద సంతకం పెట్టిన చీటీ ఒకటి ఇంకా నా దగ్గరుంది. పాపకి ఇదంతా భలే ఆటగా ఉంది. రంగు పెన్సిళ్ల పెట్టె కావాలని దుకాణంలో అడిగి, తన కవర్లో నోట్లు తనే లెక్కపెట్టుకుని, 'అమ్మా, వచ్చే నెల కొందాంలే' అంది. అంతకు ముందు ఆ పిల్లకి డబ్బంటే ఫోనులో ఉండేది, ఎప్పటికీ అయిపోనిది.

ఇబ్బందులు లేవని కాదు. అన్నిటికన్నా పెద్దది చిల్లర. ఏటీఎం అయిదొందల నోట్లే ఇస్తుంది. వంద, రెండొందల నోట్లు ఎక్కువ ఏటీఎంలలో దొరికేలా చూడమని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది గానీ మా వీధి చివరి ఏటీఎంకి ఆ కబురు చేరినట్టు లేదు. అందుకే నెలకోసారి బ్యాంకుకే వెళ్లి కౌంటర్లో వందల కట్టలు అడిగి తెచ్చుకుంటున్నాం. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకి అయిదుసార్లు దాటి తీస్తే ఒక్కోసారికి 23 రూపాయల దాకా పడుతుంది కాబట్టి అదీ కలిసొచ్చింది. ఇంక ఆటోవాళ్లయితే నోటు చూడగానే మొహం అదోలా పెడుతున్నారు. ఓసారి ఆటో కవరు ఆటోలోనే వదిలేసి దిగిపోయాను. 1,200 రూపాయలు. ఫోన్‌తో కట్టే అలవాటే ఉంటే ఆ డబ్బు పోయేది కాదు. మావారు ఏమీ అనలేదు. ఆదివారం కవరులోంచి సగం తీసి అందులో సర్దారు, చీటీ కూడా రాయకుండా.

అక్టోబరులో దసరా, దీపావళి రెండూ వచ్చి మిగిలింది 5,100. నవంబరులో 9,800. డిసెంబరులో 10,400. మొత్తం 27,600. మేం కడుపు మాడ్చుకుందేం లేదు. బిర్యానీ మానలేదు. కొత్తిమీరతో వచ్చే చిప్స్ మానేశాం, అంతే.

ఈ సంక్రాంతికి తెనాలి వెళ్లాం. బాకీ వడ్డీతో కలిపి 31,700కి వచ్చింది. నాలుగు వేల చిల్లర తక్కువ. ఇంకో నెల ఆగితే సరిపోతుంది కదా అని మట్టిగాజులు నిండుగా వేసుకుని వెళ్లాను. అమ్మ వాటివంక చూసింది. ఎంత తగ్గిందే అని అడిగింది. చెప్పాను. కనుమ నాడు నాన్న స్నానానికి వెళ్లగానే వంటింట్లోకి పిలిచి కందిపప్పు డబ్బా దించింది. పప్పులో మోచేతి దాకా చెయ్యి పెట్టి పాలిథిన్ సంచి ఒకటి బయటికి లాగింది. అన్నీ వందనోట్లే. నలభై రెండు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

'అయిదొందలు దాచట్లేదామ్మా?' అన్నాను.

'ఇంకానా!' అంది. తర్వాత స్నానాల గది వైపు చూసి, 'మీ నాన్నకి చెప్పకు' అంది.

హైదరాబాదు రాగానే గాజులు విడిపించాం. ఆ రాత్రి పిన్ని కూతురి శుభలేఖ కవరు వెతికి తీసి, దానిమీద పెన్సిలుతో 'అమ్మ' అని రాశాను. ఈ నెల అందులో 700 వేశాం. ఇంకా 3,500 ఉంది.