ఒత్తకూడని చెయ్యి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. కీమో, రేడియేషన్ అయ్యాయి. జుట్టు మళ్లీ వచ్చింది, గండం గడిచిందనుకున్నాం. అప్పుడు ఎడమచెయ్యి వాయడం మొదలైంది. ముందు గాజులు బిగుసుకున్నాయి, తర్వాత జాకెట్టు చెయ్యి పట్టలేదు. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండేది. రాత్రిళ్లు ఆ బరువు ఎక్కడ పెట్టుకుని పడుకోవాలో తెలిసేది కాదు.

మా ఇళ్లల్లో నొప్పికైనా వాపుకైనా ముందు చేసేది నూనె కాచి మర్దన చేయడమే. బాలింతలకూ పసిపిల్లలకూ నలుగు పెట్టే పెద్దావిడను అత్తయ్య పిలిపించారు. ఆవిడ వెచ్చటి ఆముదంతో మణికట్టు నుంచి భుజం దాకా బలంగా పిసికి, కాపడం పెట్టారు. మర్నాటికి చెయ్యి ఎర్రబడింది. చలిజ్వరంతో వణికిపోయాను. చర్మం కింద ఇన్‌ఫెక్షన్ అని ఆసుపత్రిలో చేర్చుకుని యాంటీబయాటిక్స్ ఎక్కించారు. మర్దన వల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేదు. అయితే లింఫ్ నిలిచిపోయిన చేతికి ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా సోకుతుందని, వేడి తగిలితే వాపు పెరుగుతుందని అక్కడే మొదటిసారి విన్నాను. ఆపరేషన్ చేసినచోట ఇంటికి పంపేటప్పుడు ఈ రెండు ముక్కలూ ఎవరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

జ్వరం పూర్తిగా తగ్గాక ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి నూనె తీయలేదు, వాచిన చేతి జోలికి వెళ్లలేదు. ముందు మెడ పక్కన, తర్వాత కుడి చంకలో, ఎడమ గజ్జలో చర్మాన్ని మెల్లగా సాగదీసి వదిలింది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథులు ముందు ఖాళీ అయితేనే చేతిలోని నీరు అటు మళ్లుతుందట.

"ఇంత మెల్లగానా అమ్మా?" అన్నాను.

"ఇంతేనండీ. లింఫ్ నాళాలు చర్మం కిందే ఉంటాయి, గట్టిగా నొక్కితే మూసుకుపోతాయి" అంది.

1930లలో ఫ్రాన్స్‌లో పనిచేసిన డెన్మార్క్ దంపతులు ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్ ఈ పద్ధతిని రూపొందించారని తనే చెప్పింది. పట్టేసిన కండరాన్ని వదులు చేసే మసాజ్ వేరు, ఇది వేరు. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, రక్తనాళంలో గడ్డ ఉన్నప్పుడు, గుండె బలహీనంగా ఉన్నప్పుడు దీన్నీ చేయకూడదు.

ఆపరేషన్ అయినప్పటి నుంచి ఛాతీ ఆ వైపు నేనే ముట్టుకోలేదు. స్నానంలో కూడా కళ్లు తిప్పుకునేదాన్ని. ఆ అమ్మాయి కుట్ల మచ్చ పక్కన అరచెయ్యి ఆనించినప్పుడు ఏడుపు ఆగలేదు. తను చెయ్యి తీయలేదు, ఏమీ అడగలేదు. నా ఒళ్లు మళ్లీ నాదనిపించింది ఆ రోజే.

మర్దన ఒక్కటే సరిపోదు. వెంటనే కట్లు కట్టాలి. వేలువేలుకూ గాజుగుడ్డ, పైన దూది, ఆపైన సాగని బ్యాండేజీ పొరలు. బెజవాడ మే నెలలో ఆ కట్లతో నిద్రపోవడం కీమో కంటే కష్టమనిపించింది. ఒక్క చేత్తో అన్నం వార్చలేకపోయేదాన్ని, తల దువ్వుకోలేకపోయేదాన్ని. మా అమ్మాయి జడ వేసేది.

వాపు చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, పోదని కూడా చెప్పారు. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని మెడ నుంచి మొదలుపెట్టి నేనే చేసుకుంటున్నాను. తర్వాత బిగుతు స్లీవ్ తొడుక్కుంటాను. అది సాగిపోతుంది కాబట్టి ఆరు నెలలకో కొత్తది కొనాలి, ఆ ఖర్చు మాదే. రక్తం తీయడానికైనా, బీపీ చూడటానికైనా కుడిచెయ్యే చాపుతున్నాను.