వేసవి సెలవులలో సేవాభ్యాసము

మన పాఠశాలలో చదువు ముగించి కళాశాలలకు పోయినవారిలో కొందరు వేసవి సెలవులయందు క్రైస్తవ సేవాసంస్థలలో పని నేర్చుకొనుటకు వెళ్లుచున్నారు. దీనిని నేడు ఇంటర్న్‌షిప్ అనుచున్నారు. పిల్లలు కుష్ఠురోగుల ఆస్పత్రికి పోయెదమన్నప్పుడు మాత్రము తల్లిదండ్రులు భయపడి, "ఆ పెద్దరోగము మా బిడ్డకు సోకదా?" యని యడుగుచుందురు. నేనెరిగిన సంగతి వారికిని, బయలుదేరనున్న విద్యార్థులకును విన్నవించుచున్నాను.

2004వ సంవత్సరమున నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుంటిని. ఆ వేసవిలో ఆరువారములు అట్టి యాస్పత్రి యొకదానిలో పనిచేసితిని. పిల్లలకు పాఠములు చెప్పుదునని పలకలు, బొమ్మలు వెంట తీసికొనిపోయితిని. సిస్టరమ్మగారు వానిని బీరువాలో భద్రపరచి, నాకొక ముక్కాలిపీటయు, ఒక పుస్తకమును ఇచ్చి, నీళ్లతొట్ల దగ్గర కూర్చుండుమనిరి.

అక్కడ ప్రతి యుదయమున రోగులు బల్లలపై వరుసగా కూర్చుండి, పాదములను చల్లని నీటిలో అరగంటసేపు నానవేయుదురు. పిదప గట్టిపడిన చర్మమును గరుకురాతితో మెల్లగా రుద్ది, తడి పూర్తిగా ఆరకమునుపే నూనె రాచుకొందురు. ఈ వ్యాధివలన నరములు చెడి స్పర్శజ్ఞానము నశించును. చెమట పట్టక చర్మమెండి బీటలువారును. ముల్లు దిగినను, నిప్పు తగిలినను నొప్పి తెలియదు. వ్రేళ్లు వాటంతట నవి రాలిపోవునని లోకులందురు గాని యది నిజము కాదు. నొప్పిలేని పుండును ఎవరును గమనింపక విడిచిపెట్టుటచేతనే అంగములు నశించును. ప్రతి పాదమును చూచి, క్రొత్తగాయమున్న పుస్తకములో వ్రాయుటయే నా పని.

ఆ పని నాకు నేర్పినది ఒక వృద్ధురాలు. "చేతి వెనకవైపు ఆనించి చూడు తల్లీ. ఒక్కచోటే వేడిగా ఉందంటే లోపల దెబ్బ ఉన్నట్టే" అని ఆమె చెప్పెను. ఆమె రోగము నయమై పదియేండ్లు దాటెను. అయినను ఇంటిలో కంచము వేరు, చాప వేరు చేయగా, తాళలేక ఆస్పత్రి ప్రక్కనున్న పాకకు తిరిగి వచ్చెను. ఒకనాడు ఆమె నాచేత కుమారునికి జాబు వ్రాయించెను. "మందు ఎప్పుడో అయిపోయింది. డాక్టరుగారు చీటీ కూడా ఇచ్చారు. మనవరాలి పెండ్లికి రమ్మంటే దూరంగా కూర్చుని చూసి వస్తాను" అని మాత్రమే వ్రాయుమనెను. నేనక్కడ నున్నంతకాలము ప్రత్యుత్తరము రాలేదు.

ఇట్టి భయమునకు నేడు ఆధారము లేదు. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలు మందులను కలిపి యిచ్చు చికిత్సను విధించెను. వ్యాధి స్థితినిబట్టి 6 లేక 12 మాసములు ఆ మందులు ఉచితముగా నిత్తురు. నూటికి 90 మందికి పైగా మానవులకు ఈ వ్యాధిని నిరోధించు శక్తి స్వభావసిద్ధముగానే కలదు. అయినను 2023లో మన దేశమున లక్షకు పైగా క్రొత్తరోగులు కనబడిరి. 2019 వరకు ఈ వ్యాధి విడాకులకు కారణమని మన చట్టములలోనే యుండెను. రోగము కుదిరినంత త్వరగా లోకుల మనస్సు కుదురుట లేదు.

వెల్లెస్లీ బెయిలీ యను ఐర్లండు యువకుడు 1869లో అంబాలాలోని మిషను పాఠశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చెను. పాఠశాలకు సమీపముననున్న కుష్ఠురోగుల దుస్థితి ఆయన మనస్సును కదిలించెను. 1874లో ఆయన ప్రారంభించిన సంఘమే నేటి లెప్రసీ మిషను. ఆయనయు పాఠములు చెప్పుటకే వచ్చినవాడు సుమా!

కావున ప్రియ విద్యార్థులారా, మీరు పోయినచోట మొదట ఏ పని యిచ్చినను వేళకు చేయుడు. రోగిని పేరుతో పిలువుడు. అనుమతిలేక వారి ఛాయాచిత్రములు తీయకుడు. వారు పెట్టిన మంచినీళ్లు సంతోషముగా త్రాగుడు. సువార్తలలో క్రీస్తు ప్రభువు కుష్ఠురోగిని చేయిచాపి ముట్టెనని చదువుచున్నాము గదా. సెలవుల పిమ్మట ఇంటికి వచ్చి, అక్కడ చూచినది మీ వీధివారికి చెప్పుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డలను నిర్భయముగా పంపుడు. వారు తిరిగివచ్చి చెప్పు మాటవలన ఏదో యొక యింటిలో ఒక తల్లికి నలుగురితోపాటు విస్తరి పడవచ్చును.