పై కిటికీల ముచ్చట



మా కాలేజీ అబిడ్స్‌లో. పేరు రాయను, ఇంకో ఏడాది చదువుకోవాలె కదా. నిజాం కాలం నాటి బిల్డింగ్, డంగు సున్నం గోడలు. కింద క్లాసులు, పైన మా హాస్టల్. పోయిన నెల దీన్ని బాగుచేస్తమని మీటింగ్ పెట్టి, హాస్టల్ తరఫున నన్ను కూర్చోబెట్టిన్రు. కాగితంల సెమినార్ హాలుకు నాలుగు ఏసీలు, మొత్తం ఫ్లోరుకు ఫాల్స్ సీలింగ్ రాసి ఉంది. మేం రాత్రిళ్లు చదివే రీడింగ్ రూములో మాత్రం పది ఫ్యాన్లల్ల ఆరే తిరుగుతయి, ట్యూబులైటు కొట్టుకుంటది. దానికి ఒక్క రూపాయి లేదు.

అంతకుముందు వారం ఎలక్ట్రీషియన్ కాకా వెంట నిచ్చెన మోసుకుంట తిరిగిన. లెక్క ఆయన చెప్పిందే. పాత ఫ్యాను 75 వాట్లు తింటది, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. చోక్ ఉన్న పాత ట్యూబు 50 దాకా, ఎల్‌ఈడీ ట్యూబు 20. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కటే 1500 దాకా లాగుతది. అన్నిటికన్నా ముందు వైరింగ్ మార్చాలంటడు కాకా. చలికాలం ఎవరన్నా బకెట్ల హీటర్ రాడ్ పెడితే చాలు, ఫ్యూజ్ పోయి ఫ్లోరంతా చీకటి.

నిచ్చెన ఎక్కినంక ఇంకోటి కనబడ్డది. గోడల పైన వరుసగా చిన్న కిటికీలు. పావురాలు వస్తున్నయని అట్టముక్కలు కొట్టి మూసిన్రు. మా దగ్గరి నిజాం కాలేజీ మొదలైంది 1887లో, నిజాం రాజ్యంలో కరెంటు శాఖ వచ్చింది 1910లో. ఫ్యాన్లు లేని కాలంలో కట్టినోళ్లకు వేడి పైకి పోతదని తెలుసు, అందుకే ఎత్తు కప్పులు, పై కిటికీలు. ఉట్నూరు అవతల మా ఇంట్ల కూడా తడిక గోడకూ పెంకులకూ నడుమ మా బాపు జానెడు సందు వదిలిండు. పొయ్యి పొగైనా, ఎండ వేడైనా అందులోంచే పోతది.

మీటింగ్‌ల ఇదే చెప్పిన. గొంతు వణికింది. "ఫాల్స్ సీలింగ్ వేస్తే ఆ కిటికీలు ఇగ తెరుచుకోవు సార్, ముందు వైరింగ్, ఫ్యాన్లు, లైట్లు చూడున్రి" అన్న. ఒకాయన నవ్విండు. "గూడెం నుంచి వచ్చి మాకు ఇల్లు కట్టుడు నేర్పుతున్నవా?" జవాబు రాలే. తల దించుకున్న.

ఆ రాత్రి నాంపల్లి స్టేషన్ దాకా నడిచి బాపుకు ఫోన్ చేసిన. వెంటిలేటర్ అనంగనే దవాఖానల ఉన్నననుకొని భయపడ్డడు. సంగతి చెప్పినంక గోండిలో ఒకటే అడిగిండు: సందు లేని ఇంట్ల ఎట్లుంటర్రా అని.

మర్నాడు చందాలు వేసుకొని జాలీ కొన్నం. కాకా పర్మిషన్ అడిగి వచ్చిండు, రీడింగ్ రూములో ఆరు కిటికీలు తెరిచి పావురాలు రాకుండ జాలీ కొట్టినం. రాత్రి తొమ్మిదింటికి ఉక్కపోత తగ్గింది, అది అందరం చూసినం. ఏసీల కాగితం ఇంకా సంతకం కాలే. సోమవారం ఈ వాట్ల లెక్కతో, 62 మంది సంతకాలతో లెటర్ ఇస్తున్నం. ఎలక్ట్రికల్ చదివే అన్నలు, అక్కలు, లెక్కలో తప్పుంటే ఆదివారం లోపు చెప్పున్రి. ఈసారి ఎవరన్నా అడిగితే తల దించుకోవద్దనుకుంటున్న.