నడికుడి జంక్షన్‌లో దిగి నడిస్తే...

ఔట్‌డోర్ అనగానే మన సినిమావాళ్ళకి ఊటీ గుర్తొస్తుంది, లేకపోతే అరకులోయ. పాటకి పచ్చదనం కావాలి కదా! పల్నాడు మాత్రం వాళ్ళకి కథకే పనికొచ్చింది. 1947లో 'పల్నాటి యుద్ధం' వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టిన ఆ చిత్రాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. కన్నాంబ నాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కుర్రవాడైన అక్కినేని బాలచంద్రుడు. మళ్ళీ 1966లో అదే పేరుతో ఎన్.టి. రామారావు, భానుమతి నటించారు. ఆ తర్వాత కృష్ణ 'పల్నాటి సింహం', బాలకృష్ణ 'పల్నాటి బ్రహ్మనాయుడు'... పేరులో పల్నాడు ఉంటే పౌరుషం దానంతటదే వస్తుందని లెక్క కాబోలు! అంత పేరున్న సీమ కాలికింద ఎలా ఉంటుందో చూద్దామని మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు నడికుడి జంక్షన్‌లో దిగాను.

దిగాను అంటే నిజంగా దిగాను. ఎందుకిలా చెప్తున్నానంటే, నడికుడి దిగేవాళ్ళ కంటే మారేవాళ్ళు ఎక్కువగా ఉండే స్టేషను. ఒక దారి గుంటూరుకి, ఒకటి సికింద్రాబాదుకి, మూడోది మాచర్లకి. మారేవాళ్ళు ప్లాట్‌ఫారం మీదే కాలక్షేపం చేసి, బండి రాగానే ఎక్కి పోతారు. ఊరు ఎటుందో కూడా తల తిప్పి చూడరు.

గుంటూరు నుంచి మాచర్లకి మీటరు గేజి బండి తిరగడం 1930ల నాటి ముచ్చట. బీబీనగర్ వైపు నుంచి వచ్చే పెద్ద లైనుకి 1974లో శంకుస్థాపన జరిగితే, అది పూర్తయ్యేసరికి 1989 అయింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడు టెన్త్ క్లాసుకి వచ్చేశాడన్నమాట! తర్వాత మీటరు గేజి కూడా పోయి అంతా బ్రాడ్‌గేజి అయింది. ఇంకో విచిత్రం కూడా ఉంది. నడికుడి–శ్రీకాళహస్తి లైను అని పేపర్లలో చదువుతుంటామే, ఆ మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు కొత్త దారి నడికుడిలో మొదలవదు. పక్కన న్యూ పిడుగురాళ్ళ దగ్గర చీలుతుంది. పేరు ఈ ఊరిది, జంక్షను ఆ ఊరిది.

స్టేషను దాటి ఊరివైపు నాలుగడుగులు వేశానో లేదో కాలికి రాయి తగిలింది. శ్రీనాథుడంతటివాడే పల్నాడు వచ్చి రాళ్ళ మీదా జొన్నకూటి మీదా చాటువులు చెప్పుకున్నాడు, మనమెంత! ఆ రాయే ఇక్కడ బతుకు. పొరలు పొరలుగా పలకల్లా లేచివచ్చే నాపరాయి. భూగర్భ శాస్త్రం వాళ్ళు నార్జి సున్నపురాయి అంటారు. ఊళ్ళో ఎటు చూసినా అదే. గోడకి నాపరాయి, అరుగుకి నాపరాయి, పశువుల కొట్టానికి నాపరాయి, చేనుగట్టు మీద అడ్డంగా పేర్చిందీ నాపరాయే. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు వెలిగినా, ఈ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు లేచినా దాని చలవే. చలవ అన్నాను గానీ, దుమ్ము కూడా దానిదే. లారీ వెళ్ళిన పది నిమిషాల దాకా రోడ్డు పక్క వేపచెట్టు తెల్లగానే కనిపించింది.

ఊరు దాటాక మిరపకల్లాలు మొదలయ్యాయి. ఎండకి పరిచిన ఎర్రటి కాయలు, వాటి మధ్య వంగి తాలు ఏరుతున్న ఆడకూలీలు. కలర్ ఫిలిం కనిపెట్టింది ఇందుకోసమేనేమో అనిపించింది. ఆ ఘాటుకి తుమ్ములు ఆగకపోతే ఒక పెద్దావిడ నవ్వి, "కొత్తోడివా బాబూ? యాడికి బోవాల?" అంది. ఊరికే చూడ్డానికి వచ్చానన్నాను. "ఏందీ, ఈడ చూసేదానికా!" అని పక్కనున్న వాళ్ళకేసి తిరిగి మళ్ళీ నవ్వింది. అందరూ నవ్వారు.

ఆవిడే దారి చెప్పింది. పొలాల వెనక రాయి తీసి వదిలేసిన పాత గుంత ఒకటుంది. వాననీరు నిండి, లోతుకి ఆకుపచ్చగా మారిపోయింది. చుట్టూ నిలువుగా కోసిన రాతి అంచులు, అంచుమీద రెండు కొంగలు. సినిమాటోగ్రాఫర్ చూస్తే వదలడు. నేను మాత్రం ఎక్కువసేపు నిలబడలేకపోయాను. నలుగురు పిల్లలు చొక్కాలు విప్పి అందులోకి దూకుతున్నారు. మెట్టు లేదు, కంచె లేదు, పట్టుకోవడానికి ఒక తాడన్నా లేదు. బయటికి రమ్మని కేకేస్తే, "నీకు ఈత రాదా అన్నా?" అని నన్నే అడిగారు. రాయి తీసుకుపోయినవాళ్ళు గుంతని ఇలా నోరు తెరిచి వదిలెయ్యడం ఏం న్యాయం? ఒక తీగ కంచెకి ఎంతవుతుందని!

మధ్యాహ్నం దాచేపల్లిలో నాగులేరు చూశాను. ఫిబ్రవరిలో అది సన్నటి పాయ. ఎగువన కారెంపూడిలో వీరుల గుడి పక్కన పారే ఏరు ఇదే. అక్కడ ఏటా కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులు తిరునాళ్ళు చేస్తారు. అన్నట్టు, నడికుడిలో మాచర్ల బండెక్కితే ముందు గురజాల వస్తుంది, ఆఖరున మాచర్ల. ఒకటి నలగామరాజు రాజధాని, రెండోది మలిదేవరాజు రాజధాని. ఎంతమంది వీరులు కూలిపోయారో ఆ రెండు ఊళ్ళ మధ్య తగువులో! ఇవాళ పాసింజరు బండి ఆ రెంటినీ ఒకే టిక్కెట్టు మీద కలిపేస్తోంది.

అక్కణ్ణించి హైవే మీద ఆటోలో పొందుగుల వెళ్ళి, కృష్ణ వంతెన మీద మళ్ళీ నడక. ఇవతల ఆంధ్ర, అవతల తెలంగాణ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు నుంచి సొంత ఊళ్ళకి బయల్దేరినవాళ్ళు వందలకొద్దీ ఆగిపోయింది ఈ సరిహద్దు దగ్గరే. ఆ రోజు టీవీలో చూసిన జనం ఒక్కరూ లేకుండా, వంతెన కింద నీళ్ళు మాత్రం తాపీగా ఉన్నాయి. దిగువన పులిచింతల కట్టిన తర్వాత నది ఇక్కడ పారడం తగ్గించి నిలబడ్డం నేర్చుకుంది.

అవతలి ఒడ్డున వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే. గట్టుమీద అగస్త్యేశ్వరాలయం ఉంది. బోయవాడు తరిమిన పిట్ట వచ్చి శరణంటే శివుడు తన తలే ఇచ్చాడని కథ. లక్ష్మీనరసింహస్వామి గుళ్ళో రెండు దీపాల్లో ఒకటి స్వామి ఊపిరికి కదులుతుందంటారు. నేను చూస్తుండగా కదిలింది. నమ్మకం సంగతి ఎవరి ఇష్టం వారిది.

నాకు ఇంకోటి తోచింది. గుంటూరు నుంచి నడికుడి మీదుగా వెళ్ళే పల్నాడు ఎక్స్‌ప్రెస్ వికారాబాదు దాకా పోతుంది. ఆ వికారాబాదు పక్కన అనంతగిరి కొండల్లోనే మూసీ పుట్టింది. మధ్యలో హైదరాబాదు మురికినంతా మోసుకుని, రైలు దాటే ఈ కృష్ణ దగ్గరికే అదీ చేరుతోంది. అనంతగిరిలో దాని నీళ్ళు దోసిలితో పట్టి తాగొచ్చు. ఇక్కడ సంగమంలో స్నానానికి దిగినవాళ్ళు ముక్కు మూసుకుని మునగడం చూశాను. మునిగేటప్పుడు ఎవరైనా ముక్కు మూసుకుంటారనుకోండి!

సాయంత్రం నడికుడి చేరేసరికి స్టేషనులో ఒక బండి ఆగి ఉంది. ఎదురుబండి రావాలట. ఇక్కడిది సింగిల్ లైను కదా, ఒకటి ఆగితే గానీ ఇంకొకటి పోదు. పాసింజర్లు దిగి టీలు తాగుతున్నారు, బజ్జీలు కొంటున్నారు, పిల్లలు వేపచెట్టు కింద ఆడుతున్నారు. ఇరవై నిమిషాలు ఊరికి తిరునాళ్ళే. టీ కెటిల్‌తో తిరుగుతున్న నడివయసు మనిషిని బేరం ఎలా ఉందని అడిగాను.

"క్రాసింగు పడితేనే మాకు పొయ్యి వెలిగేది సార్. బండి నిలబడకపోతే ఎవరు దిగుతారు?"

"డబల్ లైను వేస్తే?"

"ఏస్తారంటన్నారుగా" అన్నాడు, గ్లాసు కడుగుతూ.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం గుంటూరు–బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల డబ్లింగుకి ఆమోదం తెలిపింది. అది రావాల్సిందే, ఆ దారిన తిరిగేవాళ్ళు ఎవరినడిగినా అదే చెప్తారు. ఆస్పత్రికి వెళ్ళేవాడికీ ఇంటర్వ్యూకి వెళ్ళేవాడికీ ఈ ఇరవై నిమిషాలు నరకం. ఇదంతా ఆ టీ మనిషికీ తెలుసు. "మా అమ్మాయి హైదరాబాదులో చదువుతంది సార్, తొరగా వస్తది" అన్నాడు. తర్వాత ఎదురుబండి కూత వినిపించింది. కెటిల్ పట్టుకుని కిటికీల వెంట పరుగెత్తాడు, చిల్లర ఇవ్వాల్సినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారని.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. జన్మభూమి, పల్నాడు, నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లు నడికుడిలో ఆగుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మేల్లో మాత్రం వద్దు. ఎండలకి పేరుమోసిన రెంటచింతల ఈ మాచర్ల లైనులోదే. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. నాపరాయి అంచు కత్తికన్నా పదునుగా ఉంటుంది.