షాకు బరువు మోయదు

గవర్నర్‌పేటలో మా కొట్టుకొచ్చే పని ఎక్కువగా మోటార్ సైకిళ్లది. లారీలు, బస్సుల పనంతా ఆటోనగర్‌ది. అయితే దసరా దాటాక చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ట్రాలీ ఆటోలో పైపుల చాసిస్ వేసుకుని దిగుతారు. "బాబాయ్, షాకులు నువ్వే చూడాలి" అంటారు.

వాళ్లు కట్టేది బాహా పోటీకి వెళ్లే బగ్గీ. ఒక్క సీటు, నాలుగు చక్రాలు, రాళ్లూ బురదా ఉన్న బాట. ఈ పోటీ 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో పుట్టింది. మన దేశంలో 2007లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్ దగ్గర మొదలైంది. చివర్లో నాలుగు గంటల పరుగు ఉంటుంది. బండి అసలు సత్తా అక్కడే తేలుతుంది.

డబ్బున్న జట్లు విదేశీ గాలి షాకులు తెప్పించుకుంటాయి. మిగతావాళ్లకి పల్సర్ వెనుక షాకులే దిక్కు. వాటితోనూ పరుగు పూర్తి చేయొచ్చు, బిగింపు సరిగా ఉంటే.

నేను మొదట చెప్పేది ఒకటే: బరువు మోసేది స్ప్రింగు, షాకు కాదు. లోపల ఆయిల్లో పిస్టన్ ఆడుతుంటే, చిన్న రంధ్రాల గుండా దూరిన ఆయిలు కుదుపుని వేడిగా మార్చేస్తుంది. బండి కిందికి దిగిపోతుంటే షాకు గట్టిది కావాలంటారు పిల్లలు. అది స్ప్రింగు సంగతి.

ఆ స్ప్రింగు లెక్కలోనూ తికమకే. షాకుని, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌కి ఎక్కడ తగిలించామన్నదే ముఖ్యం. చక్రం 100 మిల్లీమీటర్లు లేస్తే షాకు 60 మాత్రమే నొక్కుకుంటోందనుకోండి. నిష్పత్తి 0.6. దాన్ని దానితోనే గుణించాలి, 0.36 వస్తుంది. అంటే స్ప్రింగు గట్టిదనంలో చక్రానికి అందేది మూడోవంతుకి కాస్త పైన. బ్రాకెట్ వెల్డింగ్ చేసేముందే ఈ లెక్క చూడమంటాను.

బిగించేటప్పుడు మొదట స్ప్రింగు తీసేసి ఒట్టి షాకునే తగిలిస్తాను. ఆర్మ్‌ని చేత్తో పైనుంచి కిందిదాకా ఆడిస్తాను. ఎక్కడా పైపుకి తగలకూడదు. పైకి లేచినప్పుడు షాకు అడుగంటకముందే రబ్బరు స్టాపు ఆపాలి. కిందికి వేలాడినప్పుడు ఆపడానికి పట్టీ వేస్తాం, లేకపోతే ఆ గుంజుడంతా రాడ్డు మీదే పడుతుంది. రబ్బరు బుష్షుల నట్లు ఆఖరుగా బిగించేది బండి నేల మీద నిలబడ్డాకే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దించాక రబ్బరు మెలిపడి ఉండిపోయి నాలుగు రోజుల్లో చిరుగుతుంది. రాడ్డుని ప్లయర్‌తో పట్టుకోవడం అసలు కుదరదు. దాని మీద చిన్న గీత పడినా, ఆడిన ప్రతిసారీ సీలుని కోస్తూనే ఉంటుంది.

కోయంబత్తూరులో జరిగే కాలేజీ రేసు కార్ల పోటీకి వెళ్లే జట్ల పని వేరు. మారుతి ఇంజన్‌తో చవకగా రేసు కార్లు కట్టిన కరివర్ధన్ పేరుతో అక్కడ ట్రాక్ ఉంది. నున్నటి తారు కాబట్టి షాకు ఆట తక్కువే, అయినా చక్రం కనీసం 50 మిల్లీమీటర్లు కదలాలని నిబంధన. రాడ్డుకి చిన్న రబ్బరు రింగు తొడుగుతాను. పరుగయ్యాక అది ఎక్కడిదాకా జరిగిందో చూస్తే షాకు ఎంత నొక్కుకుందో తెలిసిపోతుంది. నొక్కుకున్న షాకు తిరిగి లేచే వేగాన్ని మరీ బిగించేస్తే వరుస గతుకుల్లో చక్రం కిందికి రాలేక, బండి అంగుళం అంగుళం దిగిపోతుంది.

పరుగు అయిన వెంటనే చేసే పరీక్ష లారీ మెకానిక్కులది. రెండు షాకుల మీదా చెయ్యి పెట్టి చూడాలి. వేడెక్కినది పనిచేసింది, చల్లగా ఉన్నది చచ్చింది. రెండూ కాలిపోతుంటే ఆయిలు పల్చబడి నురగ కడుతోందని అనుమానించాలి. ఆ నురగ రాకుండానే లోపల ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు. మామూలు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి అది పనికిరాదు. గ్యాసు వదలకుండా షాకు విప్పితే ముఖం పగులుతుంది. ఆ పనికి పిల్లల్ని దగ్గరికి రానివ్వను.

మన నల్లరేగడి బురద రాడ్డు మీద ఎండిందంటే సిమెంటే. తడిగా ఉండగానే బకెట్ నీళ్లతో కడగాలి. ప్రెషర్ నీళ్లు సీలు మీదికి కొట్టకూడదు.

ఇదంతా ఖరీదైన విద్యేం కాదు. ఒక నోట్‌బుక్కు పెట్టుకుని ఏ మూల ఎంత నొక్కుకుంది, ఏ బుష్షు ఎప్పుడు మార్చాం, ఏ సీలు చెమ్మగిల్లింది రాసుకుంటే చాలు. పోటీకి పోయే పిల్లలకి నా మాట ఇదే: రేసు ముందురాత్రి కొత్త షాకులు తెచ్చి బిగించకండి. పాతవే నెలముందు బిగించి, నడిపి, విప్పి చూసుకోండి.