బొగ్గు బాయిల ఊళ్లో భాషల చదువు

గోదావరిఖని బాయిల్లోకి దిగిన యంత్రాలు చాలా దేశాలవి. 1983లో ఏడో ఇంక్లైన్‌లో బ్రిటన్ సామగ్రితో లాంగ్‌వాల్ పద్ధతిలో బొగ్గు కోత మొదలైంది. 1989లో పదో ఇంక్లైన్‌కు ఫ్రెంచి వాళ్ల సహకారంతో బ్లాస్టింగ్ గ్యాలరీ వచ్చింది. ఈ పద్ధతిలో మందపాటి బొగ్గు పొర అడుగున గ్యాలరీలు తొలిచి, పైబొగ్గును పేల్చి రాలుస్తారు. కప్పుకు దన్ను లేని ఆ ఖాళీలోకి మనిషి పోడు, రిమోట్‌తో నడిచే బండి పోయి బొగ్గు ఎత్తుకొస్తుంది. 2014లో అడ్రియాల బాయిలో జర్మనీ యంత్రాలు 250 మీటర్ల బొగ్గు ముఖాన్ని (ఫేస్) కోయడం మొదలుపెట్టాయి.

ఇన్ని దేశాల యంత్రాలు వచ్చిన ఈ ఊళ్లో, తట్టా చెమ్మస్ (పార)తో బొగ్గెత్తిన వాళ్ల మనవలు, మనవరాళ్లు ఇప్పుడు డిగ్రీ వయసుకొచ్చారు. తెలుగుతో పాటు ఒక ప్రపంచ భాషను కూడా వాళ్లు గట్టిగా చదువుకునే దారి ఉందా? ఆ ప్రశ్న పట్టుకుని బొగ్గు కార్మికులుండే యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ తిరిగాను.

సెంటినరీ కాలనీలోనే జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కళాశాల ఉంది, అందులో మైనింగ్ కోర్సు ఉంది. బాయి పక్కనే బాయి చదువు! క్వార్టర్ల ముందు కూర్చున్న తల్లిదండ్రుల మాటల్లోనూ ఇంజినీరింగ్, పాలిటెక్నిక్, తండ్రి స్థానంలో వచ్చే డిపెండెంట్ ఉద్యోగం, ఇవే వినిపించాయి. భాషను డిగ్రీగా చదవడమన్నది వాళ్ల లెక్కలోకే రాలేదు. తప్పు వాళ్లది కాదు, ఆ దారి ఎవరూ చూపలేదు.

2018 చట్టంతో తెలంగాణ బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది. ఇంటర్‌కు రాగానే సెకండ్ లాంగ్వేజ్ అనే ఒక్క గడి మిగులుతుంది. అందులో తెలుగైనా ఉండాలి, ఫ్రెంచో సంస్కృతమో అయినా ఉండాలి. ఫ్రెంచి కావాలంటే తెలుగును వదలాలి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఈ పోటీయే.

ఈ పోటీ అన్నిచోట్లా ఇలా లేదు. దక్షిణ వేల్స్ కూడా బొగ్గు సీమే. 2021 జనగణనలో వేల్స్ మొత్తంలో వెల్ష్ భాష వచ్చినవాళ్లు సుమారు 5,38,000 మంది, మూడేళ్లు నిండిన జనాభాలో 17.8 శాతం. అయినా అక్కడి విశ్వవిద్యాలయాల్లో వెల్ష్‌ను, మరో ఆధునిక భాషను కలిపి ఒకే డిగ్రీగా చదవొచ్చు. వెల్ష్‌లో ఉన్నత విద్య కోసం 2011లో కొలేగ్ కమ్రేగ్ కెనెడ్లేథోల్ అనే జాతీయ సంస్థనే పెట్టి, విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు. 2011 లెక్కల్లోనే ఎనిమిది కోట్లు దాటిన తెలుగువాళ్లకు ఇలాంటి ఏర్పాటు అసాధ్యమైన పనేమీ కాదు.

భాషలు చదివే చోటు మనకు మరీ దూరమూ కాదు. రామగుండంలో రైలెక్కితే సికింద్రాబాద్ ఒక పూట ప్రయాణం. అక్కడి తార్నాకలో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ) ఉంది. అది 1958లో ఇంగ్లిష్ బోధన కోసం పుట్టి, 1972లో విదేశీ భాషలను కలుపుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్, అరబిక్ అక్కడ డిగ్రీ స్థాయిలో చదవొచ్చు. పక్కనే ఉస్మానియా, అందులో తెలుగు శాఖ.

2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి ఒప్పుకుంది. రెండూ రెగ్యులర్‌గా చదివితే తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డురాకూడదు. ఒకటి దూరవిద్యలోనైనా చేయొచ్చు. కాబట్టి ఇఫ్లూలో జర్మన్ చదివే గోదావరిఖని అమ్మాయి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్యం కూడా తీసుకోవచ్చు. ఈ సంగతి ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు దరఖాస్తుల గడువు దాటకముందే కళాశాలలు చెప్పాలి.