అన్నగారి బుల్లెట్టు లెక్క

అన్నగారు స్వర్గస్థులైన పిమ్మట వారి బుల్లెట్టు మా పెరట్లోకి చేరింది. తెలుగు పండితుడికి ఇంజనుతో ఏమి పని అని మీరడగవచ్చు. దానిని విప్పించిన నాడు నేను చేసిన ఒక చిన్న గుణకారం నెల రోజులుగా నాకు నిద్ర లేకుండా చేస్తున్నది.

సిలిండరు లోపలి అడ్డుకొలత బోరు. పిస్టను పైనుండి కిందికి నడిచే దూరం స్ట్రోకు. వృత్త వైశాల్యాన్ని ఆ దూరంతో గుణిస్తే వచ్చేదే సీసీ. 350 బుల్లెట్టుకు బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. సెంటీమీటర్లలో 7, 9. బడిలో మనం చెప్పే 22/7కు ఇంతకంటె అనువైన బండి లేదు. 22ను 7తోను, 9తోను గుణించి 4తో భాగిస్తే 346.5. లీలావతిలో భాస్కరాచార్యులు సూక్ష్మమని చెప్పిన 3927/1250తో చేస్తే 346.36. తేడా రెండు మూడు చుక్కలే! కాగితాల్లో ఉన్నదీ 346 సీసీయే. ముచ్చటపడ్డాను.

లేతు మేస్త్రీ మాత్రం గేజి పెట్టి 71.5 అన్నాడు. అరిగిందేమో అన్నాను.

"అరిగితే పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటుంది పంతులుగారూ. ఇది నిలువునా ఒకటే. రీబోరు చేయించారు" అంటూ పిస్టను తల తుడిచి చూపాడు. 060 అని అచ్చు ఉన్నది. అంగుళంలో వెయ్యింట అరవై వంతులు, అనగా 1.524 మిల్లీమీటర్లు. మళ్ళీ గుణించాను. 361 సీసీ.

"దీని ఇంజను ఇంతవరకు విప్పలేదురా" అని అన్నగారు ఎన్నిసార్లు చెప్పారో! సాధారణంగా మొదట 20, పిదప 40, ఆపైన 60 వరుసన కోస్తారట. మూడు పర్యాయాల ఖర్చు కావచ్చు. అదే రోజుల్లో మా అమ్మాయి పెళ్ళికి "నాకేం ఖర్చులున్నాయిరా" అంటూ డబ్బు నా చేతిలో పెట్టారు. నేను పుచ్చుకున్నాను.

ఇంతలో మా అబ్బాయి, గేరుబాక్సు స్ప్రాకెట్టు 16 పళ్ళది తీసి 17ది వేయిస్తే పరుగు పెరుగుతుందన్నాడు. అదీ లెక్కించాను. మా బండిలో ఇంజను స్ప్రాకెట్టుకు 25 పళ్ళు, క్లచ్చికి 56, వెనుక 38. నాలుగో గేరు నేరుగా నడిచేది కనుక 56/25ను 38/16తో గుణిస్తే చాలు: 5.32. ఇంజను అన్ని చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక్క చుట్టు. టైరుకు సుద్దగీత పెట్టి దొర్లిస్తే చుట్టుకు రమారమి 2 మీటర్లు వచ్చింది. నిమిషానికి 3000 చుట్లకు గంటకు 68 కిలోమీటర్లు. 17 పళ్ళతో 72. నాలుగు కిలోమీటర్ల కోసం ఎత్తు ఎక్కే బలం తగ్గించుకోవడమా? వద్దన్నాను.

సిలిండరుకు ఇక కోతకు చోటు లేదు. కొత్తది కొనవచ్చు, లేదా ఉన్నదానికే స్లీవు దిగగొట్టి తిరిగి 70కి తేవచ్చు. స్లీవే వేయమన్నాను. పాత పిస్టను మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నా రాతబల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను, 060 పైకి కనపడేటట్లుగా.